చిటికెన గోటి చిలుక

"...అట్ల కాదు మనుమరాలా, కొట్టెయ్యి అది. 'నేను' అని రాయకు. నిర్మల్‌ల పర్శరాములు అనే కర్రబొమ్మల నకాషాయన ఉండె, అని రాయి. ఎవరిదో ముచ్చట చెప్పినట్టుంటే జర నోరు లేస్తది నాకు."

"నువ్వే గదా తాతా పర్శరాములు?"

"ఉంటే ఉన్న. నువ్వు బడిల పంతులు నేర్పినట్టు పుస్తకాల భాషల రాసుకో, నాకేం ఫికర్ లేదు. కని మేం అనుకున్న మాటలు మాత్రం మార్చకు. ఎవరేమన్నరో గదే తీరుగ పెట్టు. నేను మెల్లగ చెప్త, నువ్వు మెల్లగ రాయి. మన వెనుక ఎవలన్న ఉరికొస్తున్నరా?"

"యాడికెళ్లి మొదలువెట్టాలె?"

"గోర్లకాడికెళ్లి మొదలువెట్టు. మీ మేనత్త గోర్లకాడికెళ్లి."

* * *

హైదరాబాదు ఆంధ్రలో కలుస్తుందట అని బజారులో నలుగురూ చెప్పుకుంటున్న ఏడాది అది. ఆషాఢంలో మొదటి వాన పడగానే నకాషీ గల్లీ ఆడపిల్లలంతా మైదాకు నూరారు. ఆకు ఒకరింటిది, రోలు ఒకరింటిది, అరుపులు అందరివీ. పర్శరాములు బిడ్డ అనసూర్యకు అప్పుడు పద్నాలుగేళ్లు. వేలికొసకు ముద్ద పెట్టుకుని ఆకు చుట్టుకుంటే గోరంతా ఒకటే ఎరుపు వస్తుంది. గల్లీలో పిల్లలందరికీ అదే చాలు. అనసూర్యకు చాలలేదు.

"గోరంత మెత్తుకునుడేనా, గోడకు ఎర్రజాజు పూసినట్టు?" అంది.

ఇంట్లో బొమ్మల పనికి ఉంచిన తేనెమైనం ఉంది. అందులో శనగగింజంత తీసుకుని, దీపం సెగకు కరిగించి, చీపురుపుల్ల మొనతో ఒక్కో గోటి మీద చిన్న నెలవంక పెట్టింది. దాని కింద ఒక చుక్క. మైనం గట్టిపడ్డాక పైన మైదాకు పెట్టుకుంది. మైదాకు తీసి మైనం గీకేస్తే ఎర్రటి గోటి మీద తెల్లటి నెలవంక, కింద చుక్క మిగిలాయి. పొద్దెక్కేసరికి గడప ముందు పిల్లల వరుస. నాకు చేపనే, నాకు పువ్వునే, నాకు మా పిల్లినే అని గోల.

పర్శరాములు బిడ్డ చెయ్యి పట్టుకుని చూశాడు. "నెలవంక కొస జర మొద్దుగున్నది" అన్నాడు. అంతే అన్నాడు. కానీ మీసాల కింద నవ్వాడు. అనసూర్య ఆ నవ్వును వారం దాకా మోసుకు తిరిగింది.

పర్శరాములు మాట తక్కువ మనిషి. మూడు మాటలు అడిగితే ఒక మాట చెప్పేవాడు, అది కూడా పొద్దుగూకేలోపు. పెద్దకొడుకు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనికి పోయాడు. కోడలు పసిబిడ్డతో పుట్టింట్లో ఉంది. ఇంట్లో మిగిలింది పర్శరాములు, భార్య కిష్టవ్వ, అనసూర్య. పొనికి కర్రను చెక్కడం ఆయన పని. చింతగింజలు నానబెట్టి, నూరి, కర్రపొట్టు కలిపి అతుకులకు ముద్ద చెయ్యడం, సుద్ద పూత పూయడం, ఎండాక గరుకు కాయితంతో నున్నగా రుద్దడం తల్లీబిడ్డల పని. ఆ తర్వాత బొమ్మ మళ్లీ ఆయన చేతికి వెళ్లాలి. ఆ ఇంట్లో కుంచె మగవాళ్లది. అందులోనూ కన్ను ఇంటి పెద్దది.

ఏ బొమ్మకైనా కన్ను ఆఖరి పని. కన్ను పెట్టే రోజు పర్శరాములు తలకు పోసుకునేవాడు. పని ముగిసేదాకా పలికేవాడు కాదు. ఎవరినీ ఎదురుగా కూర్చోనిచ్చేవాడు కాదు. బొమ్మ కన్ను తెరిచి మొదట ఎవరిని చూస్తే వాళ్లకు ఆ బొమ్మ గుణం పడుతుందని నకాషీల నమ్మకం.

"దీన్ని దోగాడే వయసుల ఒక చిలుక సూసింది. గందుకే దీని నోరు మూతవడది" అనేది కిష్టవ్వ బిడ్డను చూపిస్తూ.

"మరి బాపును ఏం సూసిందే అవ్వా?"

"పందిరి గుంజ."

శ్రావణంలో మెట్‌పల్లి నుంచి కబురు వచ్చింది. అక్కడి రామచంద్రం పటేలుకు మనుమడు పుట్టాడు. తొట్టెల నాడు బిడ్డ మీద వేలాడగట్టడానికి పదహారు చిలుకలు కావాలి, పర్శరాములు చేతివే కావాలి. వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు. పర్శరాములు ఒప్పుకున్నాడు. ఒప్పుకునేటప్పుడు కుడిచేతిని కండువా కింద పెట్టుకున్నాడు.

రెండు నెలలుగా ఆ చెయ్యి వణుకుతోంది. చెక్కేటప్పుడు తెలియదు. పెద్ద కుంచెతో ఒళ్లంతా పచ్చరంగు పూసేటప్పుడూ తెలియదు. ఉడుత తోక వెంట్రుకలు నాలుగు కట్టిన సన్నకుంచె పట్టుకుని, చిటికెన వేలి గోరును బొమ్మ మెడ మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కన్ను దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది. నకాషీలంతా చిటికెన గోరు కొంచెం పెంచుకుంటారు. తోలు తగిలితే రంగు చెదురుతుంది, గోరైతే జారిపోతుంది. చెయ్యి బరువంతా ఆ గోటి మీద ఆగుతుంది. పర్శరాములు గోరు ఆగింది, చెయ్యి ఆగలేదు. తెల్లటి వలయంలో ఆవగింజంత నల్లచుక్క పెట్టబోతే అది పగిలిన గుడ్డులా పారింది. గుడ్డతో తుడిచాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పారింది.

"కుంచె ఖరాబైంది" అన్నాడు.

కిష్టవ్వ పారిన కన్ను వైపు ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అనసూర్యకు మైదాకు మీద మోజు తీరిపోయింది. మైదాకుది ఒకటే రంగు. చిప్పల్లో అడుగున మిగిలిన పచ్చ, పసుపు, ఎరుపు ఆమెను పిలుస్తున్నాయి. బాపు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చగానే పెరట్లో గడ్డివాము చాటుకు చేరేది.

గోరు అంటే ఆమెకు కర్రే. కర్రకు ఏం చేస్తారో గోటికీ అదే చేసింది. చింతగింజల ముద్ద పలుచగా రాసి, పైన సుద్ద పూసి, ఎండబెట్టి, రుద్ది, అప్పుడు రంగు. మొదటిసారి పూత మందమైంది. ఎండేసరికి ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టినట్టు వేళ్లు పట్టేసి, బియ్యం కడగగానే ఉబ్బి ఊడిపోయింది. రెండోసారి ముద్ద మానేసి సుద్ద ఒక్కటే పూసింది. వేలు వంచితే పెళుసై రాలింది. మూడోసారి ముద్దను గుడ్డలో వడగట్టి, ఊదితే ఎగిరేంత పలుచగా పూసింది. నిలిచింది. నిలిచిన పూత మీద గోటికొకటి చొప్పున పది చిలుకలు వేసింది. పచ్చటి ఒళ్లు, ఎర్రటి ముక్కు, మెడకు గీత, తెల్లటి వలయంలో నల్లటి కన్ను. ఎడమచేతికి కుడిచేత్తో వేసింది. కుడిచేతికి ఎడమచేత్తో వెయ్యడానికి ఎనిమిది మధ్యాహ్నాలు పట్టాయి.

నీళ్లు తగిలితే ఉబ్బుతుందన్న సంగతి మాత్రం మారలేదు. దాంతో అంట్లు తోమడం తప్పించుకుంది. నీళ్లు చేదడం తప్పించుకుంది.

"ఏందే, చేతులు కొంగుల పెట్టుకొని తిరుగుతున్నవ్? పెండ్లిపిల్లవా?" అంది కిష్టవ్వ.

"చలివెడ్తుందే అవ్వా."

"శ్రావణంల చలేందే నీ మొకం! రొట్టెల పిండన్న పిసుకు."

జొన్నపిండి వేడినీళ్లతో పిసకాలి. తప్పించుకోవడానికి ఇంకో అబద్ధం దొరకలేదు. పిసికింది.

ఆ పూట పర్శరాములు రొట్టె తుంచబోతూ ఆగిపోయాడు. రొట్టెలోంచి ఒక కన్ను ఆయన్ను చూస్తోంది. పచ్చటి పెచ్చు, దాని మీద చిలుక తల, ఆ తలలో కన్ను.

"ఏందిది?"

అనసూర్య లేచి పారిపోబోయింది. ఎడమ బొటనవేలి గోరు బోసిగా ఉంది. మిగతా తొమ్మిదీ కనిపించాయి.

"కుంచె ముట్టినవా?"

"ముట్టిన బాపు. మల్ల కడిగి పెట్టిన. మంచిగ కడిగి..."

రెండు నెలలుగా పర్శరాములు వెతుకుతున్న దొంగ దొరికినట్టయింది. కుంచెను పాడుచేసింది ఇదన్నమాట. చేతిలో లోపం లేదన్నమాట. అంత నెమ్మదస్తుడు ఉన్నపళంగా లేచాడు. బొమ్మలు రుద్దే గరుకు కాయితం తీసుకుని బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు.

"నానవెడ్తే పోతది గదనయ్యా! నీళ్లల్ల నానవెడ్తే ఊడిపోతది!" కిష్టవ్వ అడ్డం వచ్చింది.

నిజమే. గడియసేపు నీళ్లలో ఉంచితే ఊడిపోయే పూత. నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న నకాషీకి ఆ సంగతి తెలియదా? తెలుసు. కోపానికి తెలియలేదు. ఒక్కొక్క గోరూ గీకాడు. చిలుకలు పోయాయి, గోళ్ల నునుపు పోయింది, రెండు వేళ్ల అంచున నెత్తురు చిమ్మింది. అనసూర్య అరవలేదు. కుడిచేతి చిటికెన వేలును మాత్రం అరచేతిలోకి ముడుచుకుంది. ఆయన చూడలేదో, చూసి అలిసిపోయాడో, చెయ్యి వదిలేశాడు. రొట్టె అలాగే ఉండిపోయింది.

మరునాడు పర్శరాములు కొత్త కుంచె కట్టాడు. ఏరిన వెంట్రుకలు, కొత్త దారం. కన్ను పారింది. వెలుతురు చాలలేదని అరుగు మీదికి వెళ్లాడు. పారింది. గాలి కొడుతోందని మళ్లీ లోపలికి వచ్చాడు. తుడిచి తుడిచి చిలుక చెంప అరిగి కింద సుద్ద బయటపడింది. తొట్టెలకు ఇంక మూడు రోజులే ఉన్నాయి. ఎల్లుండి పొద్దున చిలుకల కోసం పటేలు మనిషి వస్తాడు. పదహారు చిలుకలూ తెల్లగుడ్లు వేసుకుని గోడవారగా నిలబడి ఉన్నాయి. తప్పు పట్టడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

కిష్టవ్వ వచ్చి పక్కన కూర్చుంది. గూట్లోంచి తెచ్చిన పచ్చటి పెచ్చును ఆయన ముందు పెట్టింది.

"రొట్టెల వచ్చింది గిదే. పారెయ్యలే నేను."

ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"కోపంల ఊడిన పెచ్చును సూసినవ్. దాని మీది కన్ను ఎట్లున్నదో సూడకపోతివి. ఇప్పుడు సూడు."

చూశాడు. గోరంత పెచ్చు మీద ఆవగింజలో సగమంత కన్ను. వలయం తెగలేదు. చుక్క నడిమధ్యన లేదు, ముక్కువైపు జరిగి ఉంది. అందుకే అది చూస్తున్నట్టుంది. ఆ కిటుకు ఆయన ఎవరికీ చెప్పలేదు. కొడుక్కు కూడా చెప్పలేదు.

"ఎడమచేత్తోని పెట్టినయి సుత గిట్లనే ఉండె" అంది కిష్టవ్వ. "నువ్వు గీకిపారేస్తివి."

అనసూర్య పెరట్లో అరచేతులతో చింతగింజల పొట్టు తీస్తోంది. వేలికొసలకు పసుపు అంటించిన పేలికలు కట్టి ఉన్నాయి. తండ్రి వచ్చి ముందు నిలబడగానే చేతులు వెనక్కి పెట్టుకుంది. తర్వాత ఏమనుకుందో, తనంతట తానే కుడిచేతి చిటికెన వేలు ముందుకు చాపింది.

"ఒకటి మిగిలింది బాపు. దాసుకున్న. తప్పయింది. గీకు."

పర్శరాములు ఆ వేలు పట్టుకున్నాడు. చిలుక ఉంది, చెక్కుచెదరలేదు. కానీ ఆయన పట్టుకోగానే బిడ్డ వేలు కూడా వణకడం మొదలుపెట్టింది. అనసూర్య వేలు చూసింది, తండ్రి చెయ్యి చూసింది.

"బాపు! నీ చెయ్యేందే..."

"ఊకో. మెల్లగ మాట్లాడు."

"ఎన్నొద్దులాయె?"

"జ్యేష్ఠం కాన్నుంచి."

"మరి కుంచె ఖరాబైందంటివి?"

"అన్న."

"నేనే ఖరాబు చేసిన్నని గీకితివి?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ వేలు వదలకుండానే అడిగాడు.

"చిలుకలకు కన్ను పెడ్తవా?"

"నేనా? ఆడివిల్లను."

"చిలుకలకు తెలువది."

"కుంచె ముట్టద్దంటివి గదా?"

"అన్న."

"మల్ల?"

"మల్ల ముట్టుమంటున్న."

అనసూర్య పేలికల వేళ్లు చూసుకుంది. "గోర్లు లెవ్వు గద బాపు. తోలు తగిలితే రంగు చెదురుతది."

ఆయన పట్టుకున్న చిటికెన వేలిని కొంచెం పైకెత్తి చూపించాడు. ఆనించడానికి కావలసింది ఆ ఒక్క గోరే.

తెల్లవారి కిష్టవ్వ బిడ్డకు తలకు పోసింది. నోరు మూతపడదన్న పిల్ల ఆ రోజు పెదవి విప్పలేదు. పర్శరాములు చాటలో ఊక పోసి చిలుకలను అందులో గుచ్చి నిలబెట్టాడు. ఒకటి ముగియగానే ఇంకొకటి ముందుకు జరపాలి, అందుకని ఎదురుగానే కూర్చున్నాడు. లెమ్మని అనసూర్య కళ్లతో సైగ చేసింది. ఆయన లేవలేదు.

సన్నకుంచెను రెండు పేలికల వేళ్ల మధ్య ఇరికించి, చిటికెన గోరును చిలుక మెడ మీద ఆనించింది. మొదటి చుక్క. పర్శరాములు ఊపిరి తీసుకోలేదు. చుక్క నిలిచింది. చిలుక కన్ను తెరిచి సూటిగా ఆయన్ను చూసింది.

ఒకటి, రెండు, మూడు. చిలుకకు రెండు కళ్లు, అటువైపొకటి, ఇటువైపొకటి. గోరు పదహారు మెడల మీద ముప్ఫై రెండు సార్లు ఆని, ముప్ఫై రెండు సార్లు జారింది. నాలుగో చిలుకకు గోటి మీది చిలుక తోక పోయింది. ఎనిమిదో దానికి రెక్క పోయింది. పర్శరాములు చూస్తూనే ఉన్నాడు, చెప్పలేడు. మాట్లాడకూడదు. చెప్పినా ఆమె ఆగదు. పన్నెండో దానికి తల సగమైంది. ఆఖరి కన్ను పెట్టి చెయ్యి ఎత్తేసరికి గోటి మీద పచ్చటి మరక ఒక్కటే మిగిలింది.

అనసూర్య వేలు చూసుకుని అంది. ఆ రోజు ఆమె అన్న మొదటి మాట.

"పోయింది."

పర్శరాములు కుంచె అందుకున్నాడు. "ఇటు తే" అన్నాడు.

వణికే చేత్తో బిడ్డ చిటికెన గోటి మీద చిలుకను వెయ్యడం మొదలుపెట్టాడు. పచ్చరంగు గోరు దాటి తోలు మీదికి వెళ్లింది. ముక్కు చప్పిడిగా వచ్చింది. కన్ను పారింది. తుడవబోతే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండనియ్యి."

"మంచిగ రాలే."

"బాపు, గిది చిలుక కాదే. బాతు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. కిష్టవ్వ పొయ్యి దగ్గరి నుంచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పర్శరాములు కూడా నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ బాతు పోకూడదని అనసూర్య వారం రోజులు చిటికెన వేలు ఆకాశానికి ఎత్తి అంట్లు తోమింది.

అనుకున్న రోజుకే పటేలు జీతగాడు సిద్దిరాములు బండి కట్టుకుని గోదావరి మీది సోన్ వంతెన దాటి వచ్చాడు. అరుగు మీద వరుసగా పెట్టిన చిలుకల ముందు గొంతుక్కూర్చుని నోరు తెరిచాడు.

"వామ్మో! నేను ఇటు జరిగితే ఇటు సూస్తున్నయ్, అటు జరిగితే అటు సూస్తున్నయ్. గడ్డపారకు సుత పానం పోస్తవే నువ్వు! పర్శరాములు చెయ్యి చెయ్యేనే!"

గడపలో అనసూర్య నిలబడి ఉంది. పేలికల చెయ్యి కొంగు కింద ఉంది. ఆమె తండ్రి వైపు చూసింది. అడుగుతున్నట్టు కాదు, చూసింది అంతే.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆడపిల్ల కన్ను పెట్టిందని తెలిస్తే గల్లీ ఏమంటుందో, పెద్దరికం పోయిందంటారో, రేపు పిల్లకు సంబంధాలు వస్తాయో రావో అని పర్శరాములు గొంతులో పది మాటలు అడ్డం పడ్డాయి.

"గడ్డి మెత్తగ పెట్టి పేర్చుకో. రెక్కలు తాకకుండ సూడు" అన్నాడు సిద్దిరాములుతో.

అనసూర్య లోపలికి వెళ్లి గడ్డి తెచ్చి ఇచ్చింది.

* * *

"అయిపోయిందా తాతా?"

"ఆగు. ఇగ గిది నా ముచ్చటనే, 'నేను' అనే రాయి.

ఆ తర్వాత లగ్గమై లక్సెట్టిపేటకు పోయేదాక నాలుగేండ్లు అన్ని బొమ్మలకు కన్ను మీ మేనత్తనే పెట్టింది. తలుపు దగ్గరికేసుకొని పెట్టింది. పేరు నాకొచ్చింది. అది అత్తగారింటికి పోంగనే నా కండ్లు మసకలైనయని అబద్ధం చెప్పి కుంచె అటుక మీద పెట్టిన. ఒక్కనాడు అడగలే అది. 'బాపు, ఒక్క మాట చెప్పరాదు' అని ఒక్కనాడు అనలే.

నిన్న బొమ్మల సొసైటోల్లు నన్ను కుర్సీల కూసోవెట్టి, పర్శరాములు కన్ను జిల్లాలనే లేదని శాలువ కప్పిన్రు. నువ్వు సుత చప్పట్లు కొడితివి. గా శాలువ భుజం మీద ఉన్నంతసేపు నాకు ఒక్క చిటికెన గోరే యాదికొచ్చింది. పదారు చిలుకల చూపు ముందుగాల నా మీదనే పడ్డది గదా. పన్నెండేండ్లకు నోరు తెరిపిచ్చినయ్. మరి నేను పందిరి గుంజనైతి, గంత ఆలస్యం అయితది.

ఎల్లుండి మీ బాపు లక్సెట్టిపేటకు పోతుండు. నువ్వు ఎంబడి పో. మీ మేనత్తకు సదువు రాదు, నువ్వే పక్కన కూసోని గిదంత సదివి వినిపియ్యి. మెల్లగ సదువు, నేను చెప్పినంత మెల్లగ. గోర్లు గీకిన కాడ జర ఆగు, అది ఏమన్న అంటే అననియ్యి. బాతు కాడ నవ్వుతది, నవ్వనియ్యి. వాళ్ల అత్తమ్మ, ఇరుగువొరుగోల్లు ఉంటే వాళ్లను సుత పిలిచి కూసోవెట్టి, గట్టిగ సదువు.

శాలువ సంచిల పెట్టిన. ముందుగాలనే తియ్యకు బిడ్డా. సదువుడు అయినంక దాని భుజం మీద కప్పు."